పాత కట్టడాల్లో ఏది ఏమిటి: తరచుగా అడిగే ప్రశ్నలు

గుళ్ళూ, కోటలూ, పాత ఇళ్ళూ చూడ్డానికి వెళ్ళినప్పుడు వెంట వచ్చినవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ చేర్చాను. జవాబుల్లోకి వెళ్ళేముందు ఒక్క మాట. ఏ నగిషీ కనబడినా ‘ఇది మొదట ఏం పని చేసేది?’ అని అడిగి చూడండి. వాన నీళ్ళు జారడానికో, బరువు కిందికి దించడానికో, గాలీ వెలుతురూ రావడానికో పుట్టినవే చాలావరకు తరవాత అందం దిద్దుకున్నాయి. అలా కానివీ ఉన్నాయి. వాటి సంగతీ వస్తుంది.

గోపురం, విమానం, శిఖరం: మూడూ ఒకటే కదా?

కాదు. గర్భగుడి నెత్తిన లేచేది విమానం. ప్రాకారం వాకిలి మీద లేచేది గోపురం. తిరుమలలో బంగారు రేకు తొడిగిన ఆనంద నిలయాన్ని మనం అలవాటు కొద్దీ బంగారు గోపురం అంటాం గానీ అది విమానం. మహాద్వారం మీద ఉన్నది గోపురం. గోపురం కింద నుంచి మనం నడిచి వెళతాం, విమానం కింద దేవుడుంటాడు. ఇంతకంటే సులువైన గుర్తు లేదు.

శిఖరం దగ్గరే చిక్కు. ద్రావిడ పద్ధతిలో విమానం కొసన, గ్రీవం అనే మెడ మీద కూర్చున్న గుమ్మటాన్ని మాత్రమే శిఖరం అంటారు. ఉత్తరాది నాగర పద్ధతిలో గర్భగుడి మీద లేచే మొత్తం కట్టడమూ శిఖరమే. రెండూ ఒకే ఆవరణలో చూడాలంటే అలంపురం వెళ్ళండి. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల్లో ఎక్కువవాటికి నాగర శిఖరాలే. నిలువునా వంపు తిరిగి పైకి పోయి, కొసన ఉసిరికాయలా గాడులు తీరిన ఆమలకం ఉంటుంది. తారక బ్రహ్మ గుడి ఒక్కటి మాత్రం దక్షిణాది పద్ధతిలో అంతస్తులు అంతస్తులుగా లేస్తుంది. పాఠం ఏదీ చదవకపోయినా తేడా కంటికి తెలిసిపోతుంది.

మరి గోపురాలు గుడికంటే అంత ఎత్తెందుకు?

మొదట్లో అలా లేవు. 1010 ప్రాంతంలో పూర్తయిన తంజావూరు బృహదీశ్వరాలయంలో విమానం 60 మీటర్లు దాటి ఉంటుంది, వాకిలి గోపురాలు దాని ముందు చిన్నబోతాయి. తరవాతి శతాబ్దాల్లో గుళ్ళ చుట్టూ ప్రాకారాలు పెరిగాయి. లోపలి గర్భగుడి పాతది, పవిత్రమైనది కాబట్టి దాన్ని కదపకుండా బయటి వాకిళ్ళను పెంచుతూ పోయారు. విజయనగర రాజుల కాలానికి అది పరాకాష్ఠకు చేరింది. శ్రీకాళహస్తి రాజగోపురాన్ని 1516లో కృష్ణదేవరాయలు కట్టించాడు.

గోపురం అంతా రాయే అనుకుంటారు చాలామంది. మామూలుగా వాకిలి ఎత్తు వరకే రాయి. ఆ పైన ఇటుక, సున్నం. బొమ్మలు గచ్చుతో, అంటే మెత్తగా రుబ్బిన సున్నపు ముద్దతో చేసినవి. లోపల బోలు. పై బరువు తగ్గించడానికే ఈ ఏర్పాటు. పైన గూడుబండి కప్పులా పొడవుగా ఉండే భాగాన్ని శాలాశిఖరం అంటారు, దాని వెన్ను మీద బేసి సంఖ్యలో కలశాలు వరసగా ఉంటాయి. శ్రీకాళహస్తి గోపురం 2010 మే 26న కూలిపోయింది. అదే చోట కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. దీనికి భిన్నంగా 2022 మార్చిలో తిరిగి తెరుచుకున్న యాదగిరిగుట్టలో గోపురాలను పై దాకా నల్లరాతితోనే కట్టారు.

గోపురం కింది భాగం సాధారణంగా సాదాగా ఉంటుంది, అలంకారమంతా పైనే. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం ఆ లెక్క తప్పుతుంది. అక్కడి గోపురాలు సగంలో ఆగిపోయాయి, కానీ ఉన్న రాతి భాగంలో అరచేయంత ఖాళీ కూడా వదలకుండా చెక్కారు. తెలుగునాట రాతి పని చూడాలనుకునేవాళ్ళకు నేను మొదట చెప్పే ఊరు తాడిపత్రే. లేపాక్షికి పోయే బస్సులన్నీ అక్కడ ఎందుకు ఆగవో నాకు అర్థం కాదు.

గుడి గోడను ఎక్కణ్ణుంచి చూడడం మొదలుపెట్టాలి?

పాదాల దగ్గర్నుంచి. అందరూ తలెత్తి పైకి చూస్తారు, అసలు వ్యాకరణం కిందుంది. గోడ నేల మీద నేరుగా నిలబడదు. అధిష్ఠానం అనే పీఠం మీద నిలబడుతుంది. అందులో వరసలుంటాయి: అడుగున ఉపానం, దాని మీద ఎత్తుగా నిలువు జగతి, ఆపైన గుండ్రంగానో పలకలుగానో ఉబ్బిన కుముదం, తరవాత లోపలికి నొక్కినట్టుండే కంఠం, అన్నిటి మీదా పట్టిక. పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. ఒకటి బయటికి, ఒకటి లోపలికి, మళ్ళీ ఒకటి బయటికి వస్తున్న సంగతి గమనిస్తే చాలు.

అలా ఎందుకు? కింది వరస వెడల్పుగా ఉండి గోడ బరువును నేల మీద పరుస్తుంది. వాన నీళ్ళు నేల మీద చిందినా గోడను తాకవు. ఇక ఎండ పడితే ఆ ఎగుడుదిగుళ్ళలో నీడల గీతలు ఏర్పడి, అంత పెద్ద రాతి ముద్ద తేలికగా కనిపిస్తుంది.

కాకతీయులు దీనికి మరొకటి కలిపారు. రామప్ప గుడి ఆరడుగుల ఎత్తున్న నక్షత్రాకారపు వేదిక మీద ఉంటుంది. దాని మీదే గుడి చుట్టూ ప్రదక్షిణ చేయొచ్చు. నడుస్తుంటే పక్కన ఏనుగుల వరస వస్తుంది. దాన్ని దాటేయకుండా నాలుగైదు ఏనుగులను పోల్చి చూడండి, ఒకదాని తొండం ఇంకోదానిలా ఉండదు.

గోడలకు అతికించినట్టున్న సన్నటి స్తంభాలు బరువు మోస్తాయా?

మోయవు. వాటిని కుడ్యస్తంభాలంటారు. బరువు మోసేది గోడ. మధ్యలో ఉన్న గూళ్ళు దేవకోష్ఠాలు. అందులో విగ్రహం ఉంటే ఉంటుంది, చాలాచోట్ల పోయి ఖాళీగా ఉంటుంది. ఈ స్తంభాలు చెక్క కట్టడాల జ్ఞాపకం. రాతికి వాటి అవసరం లేదు, చూసే కంటికి ఉంది. నిలువుగీతలు లేని పొడవాటి గోడను చూసి అలసిపోతాం.

చూరు రాయి మీద గుర్రపునాడాలాంటి ఆకారం, అందులో తలకాయ! ఏమిటది?

ఈ ప్రశ్న వస్తే నాకు పండగే.

ముందు ఆ చూరు రాయి. గోడ పైన బయటికి వంగి వచ్చే దాన్ని కపోతం అంటారు. ఇంటికి సజ్జా చేసే పనే అది చేస్తుంది: వాన గోడ మీద పడకుండా ముందుకు జారిపోతుంది. దాని మీద వరసగా కనిపించే నాడా ఆకారాలు నాసికలు. చైత్య గవాక్షాలని కూడా అంటారు. ఒకప్పుడవి నిజం కిటికీలు.

ఆ కథకు ఏలూరు జిల్లా గుంటుపల్లి వెళ్ళాలి. అక్కడి కొండలో క్రీస్తుకు ముందే తొలిచిన గుండ్రటి చైత్యం ఉంది. లోపలికి వెళ్ళి తల పైకెత్తితే గుడిసెకు వేసినట్టు వాసాలు కనిపిస్తాయి. అవన్నీ రాతిలో చెక్కినవే! కొండలో గుహ తొలిచాక కప్పు కూలే ప్రశ్నే లేదు, వాసాల అవసరమూ లేదు. అయినా చెక్కారు. ఎందుకంటే వాళ్ళకు తెలిసిన పూజాస్థలం కర్రతో, గడ్డితో కప్పిన గుండ్రటి ఇల్లు. వాకిలి మీద ఆ కప్పు కొస కనబడే తీరే నాడా ఆకారపు కమాను.

తరవాత జరిగింది వింతగా ఉంటుంది. కర్ర కప్పు పోయింది, గుహ చైత్యాలూ పోయాయి. ఆ కమాను మాత్రం చిన్నదై, ఇంకా చిన్నదై, చూరు మీద బొమ్మగా మిగిలిపోయింది. కిటికీలోంచి ఎవరో చూస్తున్నట్టు అందులో ఒక ముఖం పెట్టారు. ఇంకొన్ని శతాబ్దాలకు ఆ ముఖం కూడా లతల్లో కలిసిపోయింది. గోపురాల మీదా, విమానాల మీదా ప్రతి అంతస్తులో ఉన్నది ఈ ఆకారమే. ఒక్కసారి గుర్తుపట్టాక మీ ఊరి రామాలయం మీద కూడా కనబడకుండా పోదు.

మధ్య దశ చూడాలనుకుంటే పల్నాడు జిల్లా చేజెర్లలోని కపోతేశ్వరాలయం ఉంది. వెనక గుండ్రంగా, పైన సొరంగంలాంటి ఇటుక కప్పుతో ఉండే ఈ గజపృష్ఠ ఆలయం బౌద్ధ చైత్యంగా మొదలైందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. ఇప్పుడది శివాలయం.

కాకతీయుల స్తంభాలు అంత నున్నగా ఎలా వచ్చాయి?

నల్లటి డోలరైట్ రాయి వల్ల. చెక్కడానికి మొండిది, కానీ మెరుగు పెడితే ముఖం కనబడేంత నునుపు తేలుతుంది. నడుము దగ్గర తరిమెన (లేత్) పట్టినట్టు గుండ్రటి కట్లు, కిందా పైనా చతురస్రపు దిమ్మలు. వాటి మీద నాట్యగత్తెలు, వాద్యగాళ్ళు, కథలు. ఒక్కొక్క స్తంభం ఒకే రాయిలా కనిపించినా చాలాచోట్ల ముక్కలుగా పేర్చినదే. పై బరువే వాటిని పట్టి ఉంచుతుంది.

అన్ని స్తంభాలు అవసరమా? హాలంతా స్తంభాలే!

అవసరమే. రాయి నొక్కుడును బాగా తట్టుకుంటుంది, వంపును తట్టుకోదు. రాతి దూలం కొంచెం పొడవైతే నడుమ విరుగుతుంది. కాబట్టి దూలాలు పొట్టిగా, స్తంభాలు దగ్గరదగ్గరగా. ఈ చిక్కును తప్పించుకోవడానికి స్తంభం తల మీద నాలుగు వైపులా బోదెలు (ముందుకు చాచిన దిమ్మలు) పెట్టి దూలాన్ని కొంచెం ముందే అందుకుంటారు. కమాను వచ్చాక లెక్క మారింది. చార్మినార్ కమాను ఒక్కొక్కటి 11 మీటర్ల వెడల్పు. అంత వెడల్పును రాతి దూలంతో దాటడం జరగని పని. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, వంగాల్సిన రాయే ఉండదు.

వేయి స్తంభాల గుడిలో వెయ్యి ఉన్నాయా?

లేవు. చాలా ఉన్నాయని అర్థం. 1163లో రుద్రదేవుడు హనుమకొండలో కట్టించిన ఈ గుడి త్రికూటాలయం, శివుడికీ విష్ణువుకూ సూర్యుడికీ మూడు గర్భగుళ్ళు. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని ఊడదీసి, రాళ్ళను తిరిగి పేర్చి 2024 మార్చిలో తెరిచారు. వెళ్ళినవాళ్ళు స్తంభాలు లెక్కపెట్టడం మాని గర్భగుళ్ళ ద్వారబంధాలు చూస్తే బాగుంటుంది.

రామప్పలో చూరు కింద ఏటవాలుగా నిలబడ్డ ఆడవాళ్ళ బొమ్మలు?

మదనికలు. కొందరు సాలభంజికలంటారు. స్తంభానికీ పైనున్న చూరు రాతికీ మధ్య ఏటవాలు ఊతంలా అమర్చారు. గుడి గోడలు ఎర్రటి ఇసుకరాయి, ఇవి నల్లరాయి, అందుకే అంత దూరం నుంచీ విడిగా కనిపిస్తాయి. ఒకామె కాలి నుంచి ముల్లు తీయించుకుంటుంది, ఒకామె ఎత్తు మడమల పాదరక్షలు వేసుకుంది. వీళ్ళతో పాటు ఏనుగు మీద సింహం దూకుతున్న గజవ్యాళాలు కూడా అదే పనిలో ఉన్నాయి. నా మట్టుకు నాకు రామప్పలో గొప్పదనం నునుపులో లేదు, ఇంత పొడవూ ఇంత సన్నమూ ఉన్న రాతిని ఆ వాలులో నిలబెట్టిన ధైర్యంలో ఉంది.

రామప్ప ఇటుకలు నీళ్ళ మీద తేలతాయట, నిజమేనా?

నిజమే. విమానానికి వాడిన ఇటుకల్లో సన్నటి రంధ్రాలు ఎక్కువ, నీటికంటే తేలిక. గర్భగుడి కప్పు మీద బరువు తగ్గించడానికి వాడారు. పునాది కూడా మామూలుది కాదు. గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాని మీద కట్టారు. గుడిలోని శాసనం ప్రకారం కట్టించినవాడు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు, 1213లో. రామప్ప అన్నది శిల్పి పేరని జనంలో ఉన్న మాట. 2021లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

లేపాక్షిలో వేలాడే స్తంభం మహిమా? ఇంజనీరింగా?

స్తంభం నేలకు పూర్తిగా ఆనడం లేదు, అడుగున గుడ్డ దూరుతుంది. దానర్థం అది ఇప్పుడు కప్పును మోయడం లేదు. దాని వంతు బరువును పక్క స్తంభాలూ, వాటిని కలిపే దూలాలూ పంచుకున్నాయి. పదుల కొద్దీ స్తంభాలున్న మంటపంలో ఒకటి సెలవు పెట్టినా నడుస్తుంది. ఒకటే విన్నపం: దాని కింద గుడ్డ లాగి వీడియో తీయకండి. ఆ గుడిలో అంతకంటే చూడాల్సింది కప్పు మీద ఉంది. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ మంటపాల్లో వేసిన రంగుల చిత్రాల్లో అప్పటి చీరల అంచులు, తలపాగాలు, నగలు ఉన్నాయి. చీరల మీద మోజున్నవాళ్ళు మెడ నొప్పి పుట్టేదాకా చూస్తారు.

మంటపం కప్పు నడిమధ్య పద్మం ఎలా పెట్టారు?

నాలుగు దూలాలతో చతురస్రం ఏర్పడింది కదా. నాలుగు మూలల్లో నాలుగు త్రికోణపు పలకలు పెడితే మధ్యలో చిన్న చతురస్రం మిగులుతుంది, కాకపోతే అది పక్కకు తిరిగి ఉంటుంది. దాని మూలల్లో మళ్ళీ పలకలు. ఇంకా చిన్న చతురస్రం. చివరికి మిగిలిన కంతను ఒక్క పలకతో మూస్తారు. ఆ పలక మీద చెక్కినదే పద్మం. కింద పడుకుని చూస్తే ఒకదానిలో ఒకటి తిరుగుతున్నట్టుంటుంది. పెద్ద పలక దొరకని లోటును దాటడానికి పుట్టిన ఉపాయం ఇది.

గర్భగుడి వాకిలి పైన లక్ష్మి ఎందుకు? శివాలయంలో కూడా ఉందే?

వాకిలి పై కమ్మి నడుమ ఉండే ఆ చోటును లలాటబింబం అంటారు. రెండు ఏనుగులు నీళ్ళు పోస్తున్న గజలక్ష్మి శుభసూచకం, ఏ దేవుడి గుడికైనా సరిపోతుంది. చుట్టూ ఉన్న నిలువు పట్టీలు ద్వారశాఖలు: ఒకదానిలో లతలు, ఒకదానిలో స్తంభాలు, ఒకదానిలో నాట్యం. కింద పూర్ణకుంభాలు, అటూ ఇటూ ద్వారపాలకులు. కాకతీయ గుళ్ళలో వాకిలికి రెండు వైపులా రాతి జాలకాలు కూడా ఉంటాయి. మన పాత ఇళ్ళ గుమ్మాల మీద చెక్కిన లతలూ, కలశాలూ ఇక్కణ్ణుంచి దిగి వచ్చినవే.

సింహమా, ఏనుగా, గుర్రమా? స్తంభం మీదున్న ఆ జంతువేమిటి?

వ్యాళం, లేదా యాళి. సింహం ఒళ్ళు, కొన్నిసార్లు ఏనుగు తొండం, వెనక్కి తిరిగిన కొమ్ములు. విజయనగర మంటపాల ముందు వరసలో స్తంభాలకు అతుక్కుని వెనక కాళ్ళ మీద లేచి ఉంటాయి. తోరణం నడినెత్తిన గుడ్లురిమి చూసే ముఖం వేరు, అది కీర్తిముఖం. దాని నోట్లోంచి పుట్టినట్టున్న లత అటూ ఇటూ దిగి మొసలి నోళ్ళలో ముగిస్తే అది మకరతోరణం. ఈ జంతువులకు మతం పట్టింపు లేదు. గోల్కొండ బాలాహిసార్ దర్వాజా కమాను పైన కూడా గచ్చుతో చేసిన సింహాలు, వ్యాళాలు ఉన్నాయి. దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టే హడావుడిలో వాటిని ఎవరూ చూడరు.

ఏ పనీ చేయని స్తంభాలు కూడా ఉన్నాయా?

ఉన్నాయి, అవి మన సొంతం. అమరావతి, నాగార్జునకొండ స్తూపాలకు నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికలుండేవి. ఒక్కొక్క వేదిక మీద అయిదేసి ఆయక స్తంభాలు నిలబెట్టారు. వాటి మీద కప్పు లేదు. బుద్ధుడి జీవితంలోని అయిదు ముఖ్య ఘట్టాలకు గుర్తులని చెబుతారు. వేరే ప్రాంతాల స్తూపాల్లో ఇవి అరుదు, ఆంధ్ర స్తూపాన్ని పోల్చుకోవడానికి ఇదే మంచి గుర్తు. స్తూపం మీద తాపిన సున్నపురాతి పలకల్లో చెక్కిన చిన్న స్తూపాల బొమ్మలుంటాయి. అమరావతి స్తూపం ఎలా ఉండేదో మనకు తెలిసింది ఎక్కువగా వాటి వల్లే. ఆ పలకలు చాలావరకు చెన్నై మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

వరంగల్ కోటలోని కీర్తితోరణాలదీ ఇదే కోవ. తలుపుల్లేవు, పక్కన గోడల్లేవు. కూలిపోయిన స్వయంభూ దేవాలయం చుట్టూ నాలుగు దిక్కులా నాలుగు నిలబడ్డాయి. తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఉన్న తోరణం ఇదే.

శివాలయంలో ఉత్తరం గోడకు నీళ్ళు పడే రాయి ఏమిటి?

అభిషేకజలం బయటికి వచ్చే ప్రణాళం. ఆవు ముఖంలా చెక్కితే గోముఖి. ఆ నీటిదారే సోమసూత్రం, దాన్ని దాటకూడదనే శివుడికి ప్రదక్షిణ సగంలో వెనక్కి తిరుగుతారు.

చార్మినార్ మీది నగిషీ రాతి చెక్కడం కాదా?

ఎక్కువ భాగం కాదు. 1591లో కట్టిన చార్మినార్ ఒళ్ళు రాయీ, సున్నమూ. పై పూతా, పూలూ, ఆకులూ, సన్నటి జల్లెడ పనీ గచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల దొరికే గ్రానైట్ సన్నటి నగిషీకి లొంగదు. అందుకని రాతితో గట్టి ఒళ్ళు కట్టి, దాని మీద మెత్తని గచ్చుతో అలంకరించారు. కుతుబ్‌షాహీ కట్టడాలకు ప్రత్యేకమైన రూపం వచ్చింది ఈ సర్దుబాటు వల్లే.

గచ్చు చేయడం ఓపిక పని. సున్నపురాయిని కాల్చి, నీళ్ళలో చల్లార్చి, ఇసుకతో కలిపి ఎద్దులు తిప్పే గానుగలో రుబ్బాలి. అదే డంగు సున్నం. అందులో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం, మారేడు గుజ్జు, కోడిగుడ్డు తెల్లసొన, ఇలా చోటును బట్టి కలిపేవారు. బెల్లం, కరక్కాయ పట్టు పెంచుతాయి. మెత్తటి పై పూతను రుద్ది రుద్ది పాలరాతి మెరుపు తెచ్చేవారు. ఆరడానికి వారాలు కాదు, నెలలు పట్టేది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ మళ్ళీ రాయిగా మారుతుంది.

ఈ పని ఎంత సన్నగా ఉంటుందో చూడాలంటే కార్వాన్‌లోని టోలీ మసీదు, పైగా సమాధులు చూడండి. 1671 నాటి టోలీ మసీదులో గుడి నుంచి దిగివచ్చినట్టున్న పద్మాలు, బోదెలు కనిపిస్తాయి. ఆశ్చర్యపోనక్కర్లేదు, ఆ ఊళ్ళో పనిచేసిన చేతులు వేరే ఊరి నుంచి రాలేదు. గోల్కొండ దగ్గరి కుతుబ్‌షాహీ సమాధుల్లో గుమ్మటం మొదలయ్యే చోట చుట్టూ తామర రేకులున్నాయి. చతురస్రపు గది మీద గుండ్రటి గుమ్మటం అతికిన చోటును ఆ రేకులు కప్పేస్తాయి.

పాత కట్టడానికి సిమెంటు పూస్తే గట్టిపడుతుంది కదా?

పడదు, పాడవుతుంది. సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి, లవణాలు పొంగి, పూతతో పాటు కింది గచ్చూ పెచ్చులుగా ఊడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ సంస్థ చేసిన బాగుచేతలో పెద్ద పని, అంతకుముందు పూసిన సిమెంటును గీకి మళ్ళీ సున్నం వేయడమే. రాతి గుళ్ళ మీద ఇసుక చిమ్మే యంత్రంతో శుభ్రం చేయడం ఇంకా ఘోరం, శిల్పం ముక్కూ కళ్ళూ అరిగిపోతాయి. నల్లరాతి విగ్రహాలకు ఆయిల్ పెయింట్ వేయించే దాతలకు దండం పెట్టి వద్దనాలి.

మండువా లోగిలిలో అలంకారం ఏముంది? అది మామూలు ఇల్లే కదా?

మామూలు ఇల్లు గనకే చూడాలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి, నడుమ ఆకాశానికి తెరుచుకుంటుంది. గోదావరి జిల్లాల వానకాలంలో నాలుగు చూళ్ళ నీళ్ళూ మండువాలో పడి తూము గుండా బయటికి పోతాయి. మిగతా రోజుల్లో వేడిగాలి అక్కణ్ణుంచి పైకి పోతుంది, గదుల్లోకి వెలుతురు దిగుతుంది. చుట్టూ ఉన్న టేకు స్తంభాల అడుగున రాతి దిమ్మ ఉంటుంది, చెమ్మా చెదా కర్రకు తగలకుండా. స్తంభం తల దగ్గర చిలకలో, అరటిపూవో చెక్కిన బోదె దూలాన్ని అందుకుంటుంది. రామప్పలో రాతితో చేసిందే ఇక్కడ కర్రతో!

వీధి వైపు అరుగు, గోడల్లో దీపపు గూళ్ళు, తలుపుల మీద ఇత్తడి గుబ్బలు, పెంకుల కింద దూలాలు, వాసాలు, రీపర్లు. తెలంగాణలో ఇలాంటి నడుమ ఖాళీ ఉన్న ఇంటిని భవంతి అంటారు. దొరల గడీల్లో దీనికి బురుజులు, పెద్ద దర్వాజా, ఆ దర్వాజా తలుపులోనే మనిషి వంగి వెళ్ళేంత దిడ్డి తోడవుతాయి. దిడ్డి ఉంటే రాత్రిపూట పెద్ద తలుపు తీయనక్కర్లేదు. తల వంచి లోపలికి వచ్చేవాడు కత్తి ఎత్తలేడు కూడా.

కొత్త ఇంటి ఎలివేషన్‌లో ఇవి పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, పని చేసేవి పెట్టుకోండి. జాలీ పెడితే పడమటి ఎండ వచ్చే వైపు పెట్టండి, వెనక గాలి ఆడనివ్వండి. వెనక గోడ కట్టేసి ముందు జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన కాంక్రీటు) జాలీ అతికిస్తే దుమ్ము పట్టడానికి తప్ప దేనికీ పనికిరాదు. సజ్జాను కిటికీకి నిజంగా నీడ పడేంత లోతుగా వేయించండి. తాపీ మేస్త్రీకి చెప్పి దాని అడుగు అంచున గాడి వేయిస్తే నీళ్ళు గోడ మీదకు పాకకుండా అక్కడే రాలతాయి. పిల్లర్లకు గ్రీకు తలకాయలు అతికించే ఖర్చుతో వీధి అరుగు వస్తుంది. పాత ఇల్లు పడగొట్టిన చోట అమ్మే టేకు స్తంభాలు కొంటుంటే చెద తొలిచిందేమో కిందా పైనా చూసుకోండి, అవి నిజంగా బరువు మోయాలంటే ఇంజనీరును అడిగాకే.

చూడ్డానికి ఏ వేళ మంచిది?

పొద్దున్నే, లేదా సాయంత్రం. మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా దిగి శిల్పాలు చదునుగా కనిపిస్తాయి. వాలు ఎండలో లోతు తేలుతుంది. రామప్ప తూర్పుముఖం కాబట్టి తెల్లవారే వెళితే ముందువైపు మదనికలు బాగా కనిపిస్తారు. గుంటుపల్లిలో మెట్లెక్కాలి, నీళ్ళు పట్టుకెళ్ళండి. బైనాక్యులర్స్ ఉంటే గోపురాల కోసం తీసుకెళ్ళండి, జూమ్ చేసిన ఫోన్ ఫొటో కంటే అవి నయం. శిల్పాలను చేత్తో తడమకండి, చేతి జిడ్డుకు రాయి నల్లబడుతుంది.